కొసరు – అసలు

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయపు పండుగనాడు గ్రంథములను గూర్చి ముచ్చటించుట ఆచారము. అయినను నేడు పల్లెయందు గ్రంథము కంటె చేతిఫోనే ఎక్కువమంది చేత నున్నది. ఆ ఫోనునందును చదువవలసినది చాలగా నున్నది. ఏదేని కొని ఫోనుద్వారా సొమ్ము చెల్లించినప్పుడు, "మీకు ఇంత సొమ్ము తిరిగి వచ్చినది" అను వాక్యము పెద్ద అక్షరములతో కనబడును. దాని షరతులు చిన్న అక్షరములతో నుండును. పెద్ద అక్షరములను చదువనివారు లేరు. చిన్న అక్షరములను చదువువారు అరుదు. చదువు వ్యాపింపజేయుటకై వెలసిన సంస్థ వేదికమీద ఆ చిన్న అక్షరములను గూర్చి విచారించుట అసందర్భము కాజాలదు.

ఈ తిరిగి వచ్చు సొమ్మునకు వర్తకులు పెట్టిన పేరు క్యాష్ బ్యాక్. పేరు క్రొత్తదే కాని వస్తువు పాతది. సంతలో కూరగాయలు తూచిన పిమ్మట పైన వేయు నాలుగు పచ్చిమిరపకాయలు, పాలు కొలిచిన పిదప పాత్రలో వంచు మరికొంచెము పాలు, వేరుసెనగకాయలు కొలిచినవాడు చివర వేయు గుప్పెడు కాయలు – వీనికి తెలుగున కొసరు అని పేరు. అసలు బేరము ముగిసిన పిదప ప్రీతితో వచ్చునది కొసరు. కర్నూలు, కడప సీమలలో కొసరు అడుగని ఇల్లాలును లేదు, కొసరు వేయని అంగడివాడును లేడు.

అయితే సంతలోని కొసరునకును ఫోనులోని కొసరునకును ఒక భేదము కలదు. సంతలో కొసరు ఎవరి గంపలోనుండి వచ్చుచున్నదో కంటికి కనబడును. ఫోనులో అది కనబడదు. కనుక విజ్ఞుడైన గృహస్థు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ కొసరు ఎవరి సొమ్ము? ఏ షరతుమీద వచ్చుచున్నది? ఎవరికి దక్కును? ఈ మూడింటికి సమాధానము తెలిసినచో ఈ విషయమున తెలియవలసినదంతయు తెలిసినట్లే.

మొదట ఎవరి సొమ్ము అను ప్రశ్నను చూడవలెను. కొనినవానికి కొంత సొమ్ము తిరిగి ఇచ్చు పద్ధతి ప్రపంచమున చాలకాలముగా నున్నది. ఇంగ్లండు దేశమున రాచ్‌డేల్ అను పట్టణమున 1844వ సంవత్సరము డిసెంబరు నెలలో కొందరు నేతపనివారును, ఇతర శ్రామికులును కలిసి ఒక సహకార అంగడి తెరచిరి. మిగిలిన లాభమును, ఎవరు ఎంత సరకు కొనిరో ఆ లెక్కప్రకారము సభ్యులకే పంచి యిచ్చిరి. అది వారి సొమ్మే. వారికే తిరిగి వచ్చెను. సహకార ఋణపద్ధతి మద్రాసు రాజధానికి తగునా అని విచారించి ఫ్రెడరిక్ నికల్సన్ 1895, 1897 సంవత్సరములలో నివేదిక సమర్పించెను. తరువాత 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. నేడు పల్లెలలోనున్న సహకార సంఘములకు మూలము అదియే.

క్రెడిట్ కార్డు యొక్క కొసరు వేరొక మార్గమున వచ్చినది. కార్డుమీద కొనినవానికి సొమ్ములో కొంత భాగము తిరిగి యిచ్చు పద్ధతిని అమెరికాలో 1986లో దేశమంతట ప్రవేశించిన డిస్కవర్ కార్డు ప్రసిద్ధికి తెచ్చెను. క్రెడిట్ కార్డు తెలుగువారికి బొత్తిగా క్రొత్తది కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టి, ఈ దేశమున ఆ పనికి పూనుకొనిన తొలి బ్యాంకులలో ఒకటియైనది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1వ తేదిన యూనియన్ బ్యాంకులో విలీనమైనది. నాడు కార్డు పట్టణములందలి ఉద్యోగుల జేబులలో మాత్రమే యుండెడిది. దేశమున క్రెడిట్ కార్డుల సంఖ్య 2024 ప్రారంభమునాటికి పది కోట్లు దాటినది.

కార్డుతో ఒక అంగడిలో వెయ్యి రూపాయల సరకు కొనినచో అంగడివానికి వెయ్యి రూపాయలును చేరవు. అందులో కొంత రుసుముగా కోతపడును. ఆ కోత వర్తకమును బట్టియు, కార్డును బట్టియు మారును. నూటికి రెండు రూపాయలనుకొన్నచో అంగడివానికి చేరునది 980 రూపాయలు. మిగిలిన 20 రూపాయలలో ఎక్కువ భాగము కార్డు ఇచ్చిన బ్యాంకునకును, మిగతది అంగడివాని బ్యాంకునకును, కార్డుల నడుమ లెక్కలు నడపు సంస్థకును పోవును. కార్డు ఇచ్చిన బ్యాంకు తన పాలులోనుండి ఒక పది రూపాయలు తీసి కొనినవానికి కొసరుగా ఇచ్చును. అనగా ఆ కొసరు అంగడివాని గల్లాపెట్టెలోనుండి బయలుదేరి, బ్యాంకు మీదుగా కొనినవాని చేతికి వచ్చినది. అంగడివాడు ఆ నష్టమును తన ధరలో కలుపుకొనక తప్పదు. కార్డు లేని కూలివాడు అదే సరకును అదే ధరకు నగదిచ్చి కొనును. అతనికి కొసరు లేదు. కాని కొసరు ఖరీదులో అతని పాలు కలదు. ఇది అందరును గుర్తింపవలసిన సంగతి.

ఇక ఫోనులోని డబ్బుసంచి, అనగా వాలెట్, మాట. 2016 నవంబరు 8వ తేదిన 500, 1000 రూపాయల నోట్లు రద్దైన పిమ్మట బ్యాంకుల ముందు బారులు తీరిన జనులు ఈ వాలెట్లను విరివిగా పట్టిరి. ఆ దినములలో పెట్టుబడిదారుల మూలధనము పుష్కలముగా నుండుటచే వాలెట్ సంస్థలు వాడుకరులను చేర్చుకొనుటకై తమ చేతిసొమ్మునుండియే కొసరులు కురిపించెను. బుద్ధికుశలులు కొందరు రెండు కొసరులు పొందు ఉపాయము కనిపెట్టిరి. కార్డునుండి వాలెట్‌లోనికి సొమ్ము నింపినచో కార్డు ఒక కొసరు ఇచ్చును. వాలెట్‌నుండి చెల్లించినచో వాలెట్ మరియొక కొసరు ఇచ్చును. ఇంకను చతురులు కార్డుతో వాలెట్ నింపి, ఆ సొమ్మును తమ బ్యాంకు ఖాతాకే మరలించుకొని, ఏమియు కొనకయే కొసరు సంపాదించిరి.

ఊరి బావిలో నీరు ఎవరో తోడినంతకాలమే ఉచితము. 2017 మార్చిలో పేటీయం సంస్థ, కార్డుతో వాలెట్ నింపువారిపై నూటికి రెండు రూపాయల రుసుము ప్రకటించెను. కార్డుసొమ్మును బ్యాంకు ఖాతాకు మరలించువారిని అరికట్టుటకే ఆ రుసుమని చెప్పెను. కొలది దినములలోనే దానిని ఉపసంహరించుకొన్నను, క్రమముగా అట్టి రుసుములు వ్యాపారమున సాధారణమైనవి. వాలెట్ నింపుటకు కొసరు లేదని పలు బ్యాంకులును తమ షరతులలో వ్రాసికొన్నవి. నేడు నూటికి ఒక రూపాయి కొసరునకై నూటికి రెండు రూపాయల రుసుమిచ్చి వాలెట్ నింపువాడు కొండనాలుకకు మందు వేసి ఉన్ననాలుక పోగొట్టుకొనినవానివలె నగును.

నేడు పల్లె అంగడి ముందు వ్రేలాడు గళ్ళబొమ్మకు ఫోను చూపి చెల్లించు పద్ధతి యూపీఐ అనబడును. ఇది 2016లో ఆరంభమైనది. బ్యాంకు ఖాతానుండి నేరుగా ఇట్లు చెల్లించు సొమ్ముపై 2020 జనవరి 1వ తేదినుండి అంగడివానిపై రుసుము లేదు. రుసుము లేనిచోట నిలుకడగల కొసరు పుట్టదు. అప్పుడప్పుడు కనబడు చిన్న బహుమతులు ఆయా సంస్థల ప్రకటనఖర్చు మాత్రమే. 2022లో రిజర్వు బ్యాంకు అనుమతింపగా రూపే క్రెడిట్ కార్డును యూపీఐతో జోడించు వీలు కలిగెను. కనుక ఇప్పుడు కార్డు యంత్రము లేని చిన్న అంగడిలోను, కార్డును జేబునుండి తీయకయే, దాని అప్పుమీద సరకు కొనవచ్చును. చిన్న వర్తకులకు 2000 రూపాయల వరకు గల చెల్లింపుపై రుసుము లేకుండ నియమమేర్పడినది. ఇది వర్తకునకు మేలు. అందుచేతనే అట్టి చిన్న చెల్లింపులపై కొన్ని కార్డులు కొసరును తగ్గించినవి. రుసుము ఎచ్చటనో కొసరును అచ్చటనే.

రెండవ ప్రశ్న షరతును గూర్చినది. గ్రంథాలయ సభ్యులకు గడువుతేది యన నేమో వేరుగ చెప్పనక్కరలేదు. పుస్తకము కొనిపోయినవాడు గడువులోగా తెచ్చియిచ్చినచో పైసా ఖర్చు లేదు. గడువు దాటినచో జరిమానా. క్రెడిట్ కార్డు పద్ధతియు అట్టిదే, జరిమానా పరిమాణము మాత్రము వేరు. నెలకొకసారి లెక్కచీటి వచ్చును. అందు రెండు అంకెలుండును: ఒకటి చెల్లింపవలసిన పూర్తి మొత్తము, రెండవది కనీస మొత్తము. పూర్తి మొత్తమును గడువునాటికి చెల్లించినవానికి వడ్డీ లేదు. కనీస మొత్తము మాత్రమే చెల్లించినవాడు తాను అప్పు తీర్చితినని సంతోషించును. కాని వడ్డీ, గడువు తేదినుండి కాక, సరకు కొనిన దినమునుండియే లెక్కకు వచ్చును. అంతేగాక పాతబాకీ పూర్తిగా తీరువరకు క్రొత్తగా కొను సరకులకును వడ్డీలేని గడువు ఉండదు.

ఆ వడ్డీ ఎంత? పల్లెటూరి వాడుకలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుదురు. రూపాయి వడ్డీ యనగా సంవత్సరమునకు నూటికి 12 రూపాయలు. రెండు రూపాయల వడ్డీ యనగా 24 రూపాయలు. రెండు రూపాయల వడ్డీకి అప్పిచ్చువానిని ఊరిలో మంచివాడని అనరు. అనేకములైన క్రెడిట్ కార్డులపై వడ్డీ నూటికి నెలకు మూడున్నర రూపాయలకు అటునిటుగా నుండును. దానిపై నూటికి 18 చొప్పున వస్తుసేవల పన్ను చేరును. రెండును కలిసి నూటికి నెలకు నాలుగు రూపాయల పదమూడు పైసలు. అనగా ఊరి వడ్డీవ్యాపారి కంటె రెండింతల ఖరీదైన అప్పు, నవ్వుచు పలుకరించు రంగుల తెర వెనుక దాగి యున్నది. ఈ వడ్డీని పల్లెవాడుకలో ఎవరును చెప్పలేదు కనుకనే అది పల్లెవానికి భయము పుట్టించలేదు.

మూడవ ప్రశ్న: కొసరు ఎవరికి దక్కును? రెండు లెక్కలు చూచినచో తేటపడును.

ఒక ఉపాధ్యాయుడు నెలకు 10,000 రూపాయల ఇంటిఖర్చు కార్డుమీద చేయుననుకొనుడు. నూటికి ఒక రూపాయి చొప్పున నెలకు 100, సంవత్సరమునకు 1200 రూపాయల కొసరు వచ్చును. కార్డునకు వార్షిక రుసుము 500 రూపాయలు, దానిపై పన్ను 90 రూపాయలు పోగా 610 రూపాయలు మిగులును. జీతము నెలనెలకు వచ్చును. లెక్కచీటియు నెలనెలకు వచ్చును. రెండును జోడెద్దులవలె ఒక్క అడుగున నడచును. అతనికి ఈ కొసరు న్యాయమైన లాభమే. కాని అతడు ఒక్క నెల ఏమరి ఆ 10,000 రూపాయలను చెల్లింపకున్నచో వడ్డీ 350, పన్ను 63, మొత్తము 413 రూపాయలగును. ఆలస్యపు రుసుము దీనికి అదనము. ఒక్క నెల యేమరుపాటు నాలుగు నెలల కొసరును మ్రింగివేయును.

ఇక రెండవ లెక్క మెట్టసేద్యము చేయు రైతుది. పత్తికొండ ప్రాంతముననో, పులివెందుల ప్రాంతముననో వేరుసెనగ వేయు రైతు జూను నెలలో విత్తనములు, ఎరువులు, మందులు 40,000 రూపాయలకు కార్డుమీద కొనెననుకొనుడు. వెంటనే 400 రూపాయల కొసరు వచ్చును. అరువిచ్చు ఎరువుల అంగడివాడు ఎన్నడును ఇట్టి మర్యాద చేయలేదు కదాయని రైతు సంతసించును. జూలైలో లెక్కచీటి వచ్చును. అప్పటికి చేలో మొలక మాత్రమే యున్నది. ఆగస్టులో మరియొక చీటి. ఆకాశము వంక చూచు కాలమది. సెప్టెంబరులో ఇంకొకటి, ఊడలు దిగు సమయము. కాయ రాలి, ఎండి, మండీకి చేరి, సొమ్ము చేతికి వచ్చుసరికి నవంబరు నడుమ నగును. లెక్క సులభమగుటకై అసలు అట్లే నిలిచి వడ్డీ మాత్రము కట్టుచున్నాడనుకొన్నచో, నెలకు వడ్డీ 1400, పన్ను 252, మొత్తము 1652 రూపాయలు. అయిదు నెలలకు 8260 రూపాయలు. వచ్చినది 400, పోయినది 8260. వాన పడనిచో ఈ లెక్క నవంబరుతోను ఆగదు.

ఇందులో రైతు సోమరితనము గాని, దుబారా గాని లేదు. కార్డు నెలజీతగాని క్యాలెండరును అనుసరించి కుట్టిన చొక్కా. మెట్టరైతు ఆదాయము సంవత్సరమునకొకసారి, అదియు వాన దయమీద వచ్చును. ఒకనికి కుట్టిన చొక్కా మరియొకనికి తొడిగినచో చినుగునది చొక్కా కాదు, వానికి ఊపిరాడదు. వడ్డీలేని గడువు సాధారణముగా నెలన్నర దాటదు. వేరుసెనగ పంటకే మూడున్నర నాలుగు నెలలు కావలెను. ఈ రెండు కాలముల నడుమనున్న అగాధములోనే కొసరుతో కూడ అసలును కూలిపోవును.

అట్లయిన రైతునకును, కూలివానికిని కొసరు లేనే లేదా? కలదు, దానిని ఈ సీమవారు ఎరుగుదురు. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలమున 1990ల నడుమ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ తోడ్పాటుతో పొదుపు సంఘములు బలపడి, దేశమున పలువురకు మార్గదర్శకములైనవి. అట్టి స్త్రీల సంఘములకై 2004లో రాష్ట్రప్రభుత్వము పావలా వడ్డీ పథకమును ప్రవేశపెట్టెను. నాటి ముఖ్యమంత్రి కడప జిల్లావాడైన వై.ఎస్. రాజశేఖరరెడ్డి. నూటికి నెలకు పావలా, అనగా సంవత్సరమునకు మూడు రూపాయలు. ఈ పథకమున బ్యాంకు తన వాడుక వడ్డీనే వసూలు చేసెడిది. సంఘము గడువుతప్పక వాయిదాలు కట్టినచో, మూడు రూపాయలకు మించిన వడ్డీని ప్రభుత్వము సంఘమునకు తిరిగి చెల్లించెడిది. ఆ పేరుతో ఎవరును పిలువలేదు గాని, ఇదియు క్యాష్ బ్యాక్ వంటిదే. 2012లో దీని స్థానమున వడ్డీలేని ఋణముల పథకము వచ్చెను.

రైతునకును ఇట్టి కొసరు కలదు. 1998లో వెలసిన కిసాన్ క్రెడిట్ కార్డు పేరునకు కార్డే. కాని దాని గడువు నెలలెక్కన గాక పంటలెక్కన ఏర్పడినది. 3 లక్షల రూపాయల వరకు స్వల్పకాలిక పంటఋణముపై వడ్డీ సంవత్సరమునకు నూటికి ఏడు. గడువులోగా తీర్చినవానికి మూడు రూపాయల తగ్గింపు లభించి, నికరముగా నాలుగు పడును. పైన చెప్పిన 40,000 రూపాయలనే ఈ ఋణముగా తీసికొని అయిదు నెలలలో తీర్చినచో ఏడుచొప్పున వడ్డీ సుమారు 1167 రూపాయలు. నాలుగుచొప్పున 667 రూపాయలు. అనగా గడువు పాటించినందుకు దక్కిన కొసరు 500 రూపాయలు. కార్డు ఆశపెట్టిన 400 కంటె ఇదియే ఎక్కువ. దీనికి తోడు కార్డునకు చెల్లింపవలసిన వేల రూపాయల వడ్డీ తప్పినది.

ఇచ్చట రెండు విధములైన కొసరుల స్వభావభేదము స్పష్టమగుచున్నది. పావలా వడ్డీయు, పంటఋణపు తగ్గింపును అప్పు తీర్చినందుకు ఇచ్చు బహుమానములు. క్రెడిట్ కార్డు కొసరు ఖర్చు చేసినందుకు ఇచ్చు బహుమానము. మొదటిది మనుష్యుని అప్పునుండి బయటకు నడపును. రెండవది అతనిని అంగడివైపు నడపును. అప్పు చేసి పప్పుకూడు అని పెద్దలు హెచ్చరించిరి. ఆ పప్పుకూటిపై ఒక నేతిచుక్క వేసి పిలుచుట నేటి విశేషము. నేతిచుక్కను చూచి కూర్చుండుటకు ముందు విస్తరి ఖరీదు అడుగుట వివేకము.

జొన్నగిరి, తుగ్గలి ప్రాంతములలో తొలకరి వాన పడగనే వజ్రములు దొరకునేమోయని జనులు ఊళ్ళనుండి వచ్చి చేలలో వెదకుట ఈ సీమలో అందరును చూచినదే. ఎవనికో ఒక రాయి దొరకుట నిజము. దొరకనివారు కోల్పోయిన కూలిదినములను ఎవరును లెక్కింపరు. ఫోనులోని కొసరునకై అవసరము లేని సరకు కొనువాని స్థితియు అట్టిదే. పదిరూపాయలు తిరిగి వచ్చినవని చెప్పుకొనును. అందుకై వెచ్చించిన వెయ్యిరూపాయలను చెప్పుకొనడు.

వాలెట్‌లో సొమ్ము నిలువయుంచు విషయమున మరికొన్ని జాగ్రత్తలు కలవు. వాలెట్‌లోని సొమ్మునకు వడ్డీ రాదు. బ్యాంకు డిపాజిట్లకు 2020 ఫిబ్రవరినుండి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కనికి 5 లక్షల రూపాయల వరకు బీమా కలదు. బ్యాంకు కాని సంస్థ నడపు వాలెట్‌కు ఆ బీమా లేదు. 2024 జనవరి 31వ తేదిన రిజర్వు బ్యాంకు పేటీయం పేమెంట్స్ బ్యాంకుపై ఆంక్షలు విధించెను. ఆ సంవత్సరము మార్చి 15వ తేది తరువాత అందలి ఖాతాలలోను, వాలెట్లలోను క్రొత్తగా సొమ్ము వేయుటకు వీలు లేకపోయెను. ఉన్న సొమ్మును వాడుకొనుటకు అనుమతి యుండుటచే ప్రజలసొమ్ము చిక్కుపడలేదు. అయినను ఫోనులోని సంచి ఇంటి ఇనుపపెట్టె కాదని ఆ యుదంతము బోధించినది. రెండు మూడు దినముల ఖర్చునకు మించి అందుంచుట అనవసరము.

మోసగాండ్రకును క్యాష్ బ్యాక్ అను మాట గాలమైనది. "మీకు రెండువేలు కొసరు వచ్చినది, దీనిని నొక్కి పిన్ వేయుడు" అని కబురు వచ్చును. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు. పిన్ సొమ్ము ఇచ్చుటకు మాత్రమే. ఈ ఒక్క వాక్యము పల్లెలోని ప్రతి వృద్ధునకు, ప్రతి విద్యార్థికి కంఠస్థము కావలెను. మోసము జరిగినచో సిగ్గుపడి దాచక వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చేయవలెను. ఎంత శీఘ్రముగా చెప్పిన సొమ్మును నిలుపుదల చేయుటకు అంత అవకాశము.

ఇన్ని దోషములు చెప్పుట కార్డును, వాలెట్‌ను నిషేధించుటకు కాదు. కత్తి కూర తరుగుటకును పనికివచ్చును, వ్రేలు తెగుటకును పనికివచ్చును. నెలజీతము గలవాడు, ప్రతి నెల పూర్తి మొత్తము కట్టగలవాడు, ఎట్లును కొనవలసిన సరకునే కొనువాడు ఈ కొసరును నిస్సంకోచముగా పుచ్చుకొనవచ్చును. అట్టివాడు పూర్తి మొత్తము ఖాతానుండి గడువునాడు దానంతట అదే పోవునట్లు బ్యాంకులో ఏర్పాటు చేసికొనుట క్షేమము. కార్డుమీద నగదు తీయరాదు. దానికి మొదటి దినమునుండియే వడ్డీ, పైగా కొసరు లేదు. కార్డు గీకి నగదిచ్చెదమను దళారుల చెంతకు పోరాదు. రాబడి పంటమీద నున్నవాడు పంటఋణమును, సంఘముల ఋణమును వాడుకొని, అంగడిలో ఉన్నసొమ్మునే ఖాతానుండి చెల్లించుట మేలు. అతనికి కొసరు రాకపోవచ్చును; అసలు నిలుచును. కార్డుబాకీ గడువు తప్పినచో ఆ సంగతి ఋణచరిత్ర నమోదు చేయు సంస్థల లెక్కలకు ఎక్కి, రేపటి పంటఋణమునకును అడ్డు రావచ్చునని రైతు మరువరాదు.

ఈ విషయమున గ్రంథాలయము చేయగల పని చాల కలదు. కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమమునకును, వయోజన విద్యకును జీవితమును అంకితము చేసిరి. నాడు వయోజనుడు తన పేరు తాను వ్రాయగలిగిన చాలును, వ్రేలిముద్ర వేయక తప్పించుకొనగలడని కోరిక. వ్రేలిముద్రపై ప్రామిసరీ నోటు వ్రాయించుకొని నేల లాగికొను కాలమది. నేడు వ్రేలిముద్రవలె ప్రమాదకరమైనది, చదువకయే ఫోనుపై "అంగీకరించితిని" అను గుర్తును తాకుట. అక్షరములు వచ్చినవాడును నేడు ఈ యర్థమున నిరక్షరుడే.

కనుక ఈ గ్రంథాలయపు బల్లపై, దినపత్రికల ప్రక్కన, మూడు కాగితములుంచిన చాలును. మొదటిది కిసాన్ క్రెడిట్ కార్డు నియమములు తేట తెలుగున. రెండవది కార్డు లెక్కచీటి చదువు విధము – పూర్తి మొత్తమెచ్చట, కనీస మొత్తమెచ్చట, గడువెచ్చట, వడ్డీ నూటికి నెలకు ఎన్ని రూపాయలు. మూడవది మోసములను గూర్చిన హెచ్చరిక, 1930 సంఖ్యతో. చదువుకొన్న యువకులును యువతులును నెలకొక సాయంకాలము కూర్చుండి, అడిగినవారి చీటీలను చదివి చెప్పినచో, ఆ సేవ యే గ్రంథదానమునకును తీసిపోదు. చీటీలలోని ఇంటిగుట్టు చదివినవారి పెదవి దాటరాదను నియమము మాత్రము పాటింపవలెను. పిన్ సంఖ్యను ఎవరును ఎవరికిని, సహాయము చేయువారికి సైతము, చెప్పరాదు.

ఈ సీమలో నీటిబొట్టును లెక్కించి వాడుట పెద్దలు నేర్పిన విద్య. చెరువునకు తూము ఎచ్చట నున్నదో, ఎంత తెరచిన ఎన్ని దినములు నీరు నిలుచునో ఎరిగినవారి సంతతికి సొమ్ము లెక్క తెలియకపోదు. కొసరు అడుగుట తప్పు కాదు. అది పల్లెవాని హక్కు. అడుగుటకు ముందు అసలును చూచుకొనుట అతని ధర్మము. ఆ లెక్క నేర్పు బల్ల ఈ గ్రంథాలయమున వచ్చు నెలనుండియే వెలయుగాక, ఈ సంస్థ స్వర్ణోత్సవమునాటికి గ్రామమున కార్డుబాకీకై నేల నమ్మిన కుటుంబ మొక్కటియు లేకుండుగాక.

శుభమ్.